ఊడదీత పెద్దమ్మ

అప్పటికి ఆ బుల్లి యంత్రానికి రెండు చక్రాలు ఊడొచ్చాయి. మూడోది మొండికేసింది. ఇరుసు చుట్టూ పిల్లల వెంట్రుకలు, దారప్పోగులు, నేలమీది దుమ్ము అన్నీ చుట్టుకుని గట్టిపడిపోయాయి. ఆవిడ పట్టకారు అందుకుని ఆ చిక్కును ఒక్కో పోగూ లాగుతూ, "రా తల్లీ, రా. పొద్దున్నే ఈ బెట్టు దేనికి?" అని చక్రాన్ని బుజ్జగించింది. చక్రం కాసేపు బెట్టు చేసి చేతిలోకి వచ్చింది. ఆ తర్వాత పని చకచకా సాగిపోయింది. మోటార్లు రెండూ విడివడ్డాయి, వైర్లు చుట్టలయ్యాయి. ముందువైపు పంజాకు అంటించిన రబ్బరు ముక్కలు ఇంకా బంకబంకగా ఉంటే గోటితో గీకి చెత్తబుట్టలో పడేసింది. చూస్తుండగానే బల్లమీద యంత్రమనేదే లేకుండా పోయింది. నట్టులు, బోల్టులు, మోటార్లు, చక్రాలు ఎవరి సొరుగులోకి వాళ్ళు బుద్ధిగా వెళ్ళిపోయారు.

వేసవి సెలవుల్లో ఈ బళ్ళో పిల్లల రోబో క్యాంపు జరుగుతుంది. పిల్లలు వస్తారు, పురుగుల్లాంటి బళ్ళు, చేతుల్లాంటి యంత్రాలు, ఎందుకు పనికొస్తాయో వాళ్ళకే తెలియని వింతలు కడతారు. క్యాంపు నడిపే సంస్థ దగ్గర ఉన్న సామాను కాస్తే. ఈ బృందం కట్టినవి విడదీస్తేనే తర్వాతి బృందం కట్టుకునేది. ఆ విడదీసే పని ఆవిడది. వరండా చివరి సామాన్ల గదిలో, గోడనిండా చిన్న చిన్న సొరుగులున్న బీరువా ముందు, కళ్ళజోడుకి తాడు కట్టుకుని కూర్చుంటుంది. కుడిచేతి బొటనవేలి కింద స్క్రూడ్రైవరు పిడి రాసుకుని రాసుకుని కాయకాసింది. అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకు తెలిసే ఉంటుంది. పిల్లలకు మాత్రం ఊడదీత పెద్దమ్మ. ఆ పేరు విన్న మొదటి రోజు చిన్నబుచ్చుకుంది గానీ, రెండో రోజుకే పలకడం మొదలుపెట్టింది.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. అల్మరాలో యంత్రం మామూలుగా నిలబడి ఉంటే దాని జోలికి పోకూడదు. వెల్లకిలా, చక్రాలు పైకి పెట్టి ఉంటే ఇక దానితో పని అయిపోయిందని, విప్పేసుకోవచ్చని అర్థం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, పిల్లలే అయి ఉంటారు. నోటితో చెప్పనక్కర్లేని ఏర్పాటు, అందరికీ బాగానే కుదిరింది. ఒక్క ఆఖరి రోజు ప్రదర్శనకు పెట్టిన యంత్రాల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. పిల్లలు ఇళ్ళకు వెళ్ళేవరకూ ఆగి, తలుపు మూసుకుని అప్పుడు విప్పుతుంది. పనిలో చేరిన కొత్తల్లో ఒక బుడతడు అది చూసి, ఆవిడ కాళ్ళు పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవుల్లోంచి పోలేదు. అప్పటినుంచీ తలుపు మూయడం అలవాటు చేసుకుంది.

ఈ రోజు ప్రదర్శన రోజు. ఆవిడకి ఉద్యోగంలో ఆఖరి రోజు కూడా. వచ్చే వేసవి నుంచి పిల్లలు ఒక్కొక్కరికీ ఒక్కో సామాన్ల పెట్టె ఇస్తారట, కట్టుకున్నది ఇంటికే పట్టుకుపోవచ్చట. విప్పే పనే ఉండదు. చెప్పడానికి వచ్చిన క్యాంపు మాస్టారు ఆవిడ ముఖం చూడలేక సొరుగుల వంక చూస్తూ చెప్పాడు. "మంచిదేగా మాస్టారూ, పిల్లలకి ఏడుపు తప్పుతుంది" అంది ఆవిడ. నిజంగానే అంది. అద్దె గది ఖాళీ చేసేసింది. బట్టల సంచీ ఇదిగో, తలుపు పక్కనే ఉంది. సాయంత్రం బస్సెక్కితే చెల్లెలి ఊరు.

ఆ చెల్లెలు తెల్లారకముందే ఫోను చేసింది.

"అక్కా, బస్సు పోగొట్టుకోకు. నీ స్క్రూలకి టాటా చెబుతూ కూర్చుంటే డ్రైవరు నీకోసం ఆగడు."

"ఆగుతాడులేవే, ఆగకపోతే ఆ బస్సే విప్పి పడేస్తా."

"అంత పనీ చేస్తావు నువ్వు."

బతుకంతా ఆవిడ చేసింది ఇదే పని, చేతికిందికి వచ్చిన వస్తువులు మారాయంతే. చిన్నప్పుడు అమ్మ పాత స్వెట్టర్లు కొని తెచ్చి, ఆ ఊలుతో కొత్తవి అల్లి అమ్మేది. అల్లడం అమ్మా చెల్లెలూ, విప్పడం ఈవిడ. పెళ్ళయ్యాక మొగుడు దర్జీ. పొట్టయినవి, బిగుతయినవి, పొట్ట పెరిగిన పెద్దమనుషుల కోట్లు కుప్పలుగా వచ్చి పడేవి. కుట్లు విప్పడం ఈవిడ, మళ్ళీ కుట్టడం ఆయన. "నేను కుడతా, నువ్వు విప్పుతావు, ఇక మన కొట్టు మూతపడేదెప్పుడే!" అని నవ్వేవాడు. నవ్వుతూ నవ్వుతూనే ఒక వానాకాలం జబ్బుపడి పోయాడు. ఆయన కుట్టుమిషను కూడా ఈవిడే పార్టులుగా విప్పి, కొనుక్కున్నవాళ్ళ బండిలోకి ఎక్కించింది. తర్వాత పాత టీవీలు ఊడదీసే ఫ్యాక్టరీ, తర్వాత ఈ క్యాంపు. ఇన్నేళ్ళలో ఒక్క వస్తువు విరగ్గొట్టి ఎరగదు. విరగ్గొట్టడానికీ విప్పడానికీ ఉన్న తేడా ఎవరైనా అడిగి ఉంటే పూటంతా చెప్పేది, పాపం ఎవరూ అడగలేదు. అయితే ఆవిడ స్వయంగా కట్టిన వస్తువు అంటూ ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. ఆ సంగతి అప్పుడప్పుడు గుర్తొచ్చేది. గుర్తొచ్చి, పనిలో పడగానే మరుపుకొచ్చేది.

తలుపు దగ్గర గొణుగుడు వినిపించింది. మనిషి కంటే ముందు గొణుగుడు వచ్చే పిల్ల ఈ క్యాంపులో ఒక్కతే. పదేళ్ళుంటాయి, రెండు జడల్లో ఒకటి ఎప్పుడూ వదులే. ఎర్ర వైరు ఇటు, నల్ల వైరు అటు, ఛీ, కాదు, అని తనలో తనే మాట్లాడుకుంటూ పనిచేస్తుంది గనక అందరూ గొణుగుడు అనే పిలుస్తారు. జతగా ఉన్న పిల్లాడు మొదట్లోనే జ్వరమొచ్చి మానేస్తే, ఇంకొకరు వద్దంది. నేలమీద పడేసిన సాక్సులు ఏరి తొట్టిలో వేసే బండి కడుతోంది. వాళ్ళ ఇంట్లో పొద్దున లేస్తే సాక్సుల మీదే యుద్ధమట. వాళ్ళన్నయ్య, నువ్వు కట్టింది నడిస్తే నా పేరు మార్చుకుంటా అన్నాడట. ఇవాళ ఆ అన్నయ్యా అమ్మా ఇద్దరూ చూడ్డానికి వస్తున్నారు.

పిల్ల అల్మరా దగ్గరకెళ్ళింది. గొణుగుడు ఆగిపోయింది.

"పెద్దమ్మా, నా బండి ఇక్కడ పెట్టానే."

ఆవిడ తలెత్తింది. పిల్ల వేలు చూపిస్తున్న జాగా ఖాళీగా ఉంది. అందులోంచి పొద్దున తన చేతులతో తనే తీసింది.

"చక్రాలు పైకి ఉన్నాయి కదమ్మా?"

"పంజాకి రబ్బరు అంటించాను పెద్దమ్మా. జిగురు ఆరాలని తిరగేసి పెట్టా."

ఇద్దరూ బల్ల వంక చూశారు. బల్ల అద్దంలా ఉంది. పిల్ల వచ్చి ఒక సొరుగు లాగింది. వందలాది నట్టులు. ఇంకోటి లాగింది. మోటార్లు, అన్నీ ఒకే రంగు, ఒకే పొడవు. తన బండి ఆ గోడలో ఎక్కడుందో, ఎన్ని ముక్కలుగా ఉందో ఆ పిల్లకి అప్పుడు పూర్తిగా తెలిసింది. ఏడుస్తుందనుకుంది ఆవిడ. ఏడ్చినా బాగుండేది.

"మరీ ఇంత నీటుగా ఎందుకు చేశావు పెద్దమ్మా!" అంది పిల్ల.

ఇన్నేళ్ళు మూసిన తలుపు వెనకాల పని చేసుకుని, పోయే రోజున ఒక పసిదాని ఉసురు పోసుకుంటున్నానా అనుకుంది ఆవిడ. సాయంత్రం ఆ అన్నయ్య ముందు ఈ పిల్ల ఉత్త చేతులతో నిలబడితే, ఆ ముఖం తనతోబాటు బస్సెక్కుతుంది, చెల్లెలి ఇంట్లో కంచం ముందు కూర్చుంటుంది, ఇక ఎక్కడికీ పోదు. ఆవిడకి ఈ లోకంలో ఇప్పుడు కావలసింది ఒకటే. సాయంత్రానికి ఆ బండి కదలాలి.

కుర్చీలు మోయిస్తూ, మైకు కోసం కేకలేస్తూ తిరుగుతున్న మాస్టారిని పిలుచుకొచ్చింది. జరిగింది దాచకుండా చెప్పింది. మాస్టారు మంచివాడే, కానీ ఆ రోజు అతనికి పది చేతులున్నా చాలవు. తల పట్టుకుని, "పైఅరలో మేం నమూనాకి కట్టినది ఒకటి ఉందిగా, అది ఈ పాప పేరు మీద పెట్టేద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలుస్తుంది" అంది పిల్ల. "అయినా అది సాక్సులు ఎత్తదు, ఊరికే తిరుగుతుంది."

"సాయంత్రంలోపు మళ్ళీ కట్టగలవా తల్లీ?"

పిల్ల పెదవులు అప్పుడే కదులుతున్నాయి. ముందు అడుగుచెక్క, తర్వాత ఇరుసులు, మోటార్లు, అని వినిపించింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. "మీరు వెళ్ళండి మాస్టారూ, మేం చూసుకుంటాం" అంది, ఏదో రోజుకొకటి కడుతున్నదానిలా.

తీరా కూర్చున్నాక, పిల్ల అడిగిన మొదటి ప్రశ్నకే ఆవిడ నీళ్ళు నమిలింది.

"పంజా ఇరుసుకి వాషర్లు ఎటువైపు ఉన్నాయి పెద్దమ్మా?"

"విప్పేటప్పుడు ఎవరు చూస్తారమ్మా? చెయ్యి చూసుకుంటుంది, నేను ఏదో ఆలోచించుకుంటుంటాను."

పిల్ల నిట్టూర్చింది, అచ్చం పెద్ద మేస్త్రీలా. అక్కణ్ణుంచి మేస్త్రీ ఆ పిల్లే, కూలీ ఈవిడే. అడిగింది అందించడం, పట్టుకోమన్నది పట్టుకోవడం. మోటార్ల దగ్గర పెద్ద పేచీ వచ్చింది. తన మోటార్లలో ఒకటి సణుగుతుందనీ, ఆ సణుగుడుకి తగ్గట్టే వేగం లెక్క వేసుకున్నాననీ, అదే కావాలనీ పట్టుబట్టింది. సొరుగులోవన్నీ బల్లమీద పరిచారు. ఒక్కోదానికి బ్యాటరీ తగిలించి, పిల్ల చెవి దగ్గర పెట్టుకుని, ఇది కాదు, ఇది కాదు, అంటూ పక్కన పడేసింది. ఆవిడ చెవికి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆఖరికి ఒకటి పట్టుకుని, "ఇదిగో, దొరికింది దొంగ!" అని గంతేసింది. ఇద్దరూ గట్టిగా నవ్వారు. పొద్దుటి నుంచి ఆ గదిలో నవ్వు వినిపించడం అదే మొదలు.

"ఇక్కడ నాలుగు స్క్రూలు బిగించు పెద్దమ్మా, నేను వైర్లు చూస్తా."

ఆవిడ స్క్రూ పెట్టింది, తిప్పింది. స్క్రూ కిందపడింది. ఏరి మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది.

"ఎడమకి కాదు పెద్దమ్మా, కుడికి!"

"ఏం చేయనే, నాకు జీతమిచ్చిందంతా ఎడమకి తిప్పినందుకే!"

పిల్ల వచ్చి, స్క్రూడ్రైవరు మీద ఉన్న ఆ ముదురు చేతి మీద తన చెయ్యి వేసి కుడికి తిప్పింది. స్క్రూ లోపలికి దిగింది. దిగి దిగి, ఒకచోట ఇక కదలనని ఆగింది. మణికట్టు దాకా ఒక గట్టిదనం పాకి వచ్చింది. వేలసార్లు ఆ గట్టిదనాన్ని వదిలించిన చెయ్యి అది. బిగించడం ఇలా ఉంటుందా అనుకుంది. ఎందుకో కళ్ళు చెమర్చాయి. కళ్ళజోడు తుడుచుకుని మిగతావి తనే బిగించింది. ఆ పూట అలాంటి స్క్రూలు ఎన్ని ఇచ్చినా ఇంకా ఇంకా బిగించేదే.

"ఇదివరకు పంజా ఇక్కడ పెట్టా, తప్పు. అందుకే కిందదాకా అందేది కాదు" అని పిల్ల మధ్యాహ్నం దాటాక గొణిగి, దాన్ని ఒక రంధ్రం కిందికి దించింది. ఆ ఊపులో బండి మొదటిదాని కంటే పొందికగా తయారైంది. తక్కువైంది ఒక్క రబ్బరే. పొద్దున గీకి పారేసిన ముక్కలు చెత్తలో చుట్టుకుపోయి ఉన్నాయి. కొత్తవి అంటిస్తే జిగురు ఆరే వ్యవధి లేదు. అవతల హాల్లో జనం చేరుతున్న చప్పుడు మొదలైంది. పిల్ల బండిని గుండెలకి హత్తుకుని పరుగెత్తింది. ఆవిడ వెనకాలే వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. ఇన్ని వేసవుల్లో ప్రదర్శన చూడ్డం ఇదే మొదటిసారి.

గొణుగుడు వంతు వచ్చింది. ముందు వరసలో వాళ్ళమ్మ, పక్కన కాలుమీద కాలేసుకుని అన్నయ్య. పిల్ల నేలమీద ఒక సాక్సు పడేసి, దూరంగా ఎర్ర తొట్టి పెట్టి, మీట నొక్కింది. బండి సణుక్కుంటూ వెళ్ళింది. సాక్సు దగ్గర ఆగింది. పంజా దిగింది, పట్టుకుంది, లేచింది. సాక్సు జారి కిందపడింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. నున్నటి పలుచని సాక్సు, రబ్బరు లేని పంజా. అన్నయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ నవ్వు వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది. తలుపు దగ్గర ఆవిడ చీరకొంగు నలిపేస్తోంది. నేను గీకకపోతే జారేది కాదు, నేను గీకకపోతే, అని తనలో తనే అనుకుంటోంది. పిల్ల గొణుగుడు ఈవిడకి అంటుకుంది.

పిల్ల బండిని చూసింది, సాక్సుని చూసింది. పెదవులు కదిపింది. తర్వాత తలెత్తి హాలంతటినీ ఉద్దేశించి అడిగింది.

"ఎవరైనా మందం సాక్సులు వేసుకున్నారా? ఒకటి కావాలి."

హాలు గొల్లుమంది. నడివేసవి, అందరి కాళ్ళకీ చెప్పులే. పిల్ల మాత్రం నవ్వకుండా ఒక్కొక్కరి కాళ్ళూ చూసుకుంటూ పోతోంది.

సామాన్ల గది గచ్చు ఏ కాలంలోనైనా చల్లగా ఉంటుంది. అందుకని చెల్లెలు ఊలుతో అల్లి పంపిన సాక్సులు, వాటిమీద బూట్లు వేసుకుని పనిచేస్తుంది ఆవిడ. బొటనవేలి దగ్గర చిరిగితే ఉన్న దారంతో కుట్టుకుంది, రంగు కలవలేదు. ఇంతమంది ముందు చూపించుకునే వస్తువు కాదది. సిగ్గు ముంచుకొచ్చింది. అయినా గోడ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, బూటు విప్పి, సాక్సు లాగి, "ఇదిగోనే!" అని పట్టుకెళ్ళి పిల్ల చేతిలో పెట్టింది.

బండి మళ్ళీ బయల్దేరింది. పంజా దిగింది. ఊలు దాని పళ్ళకి తగులుకుంది. సాక్సు గాల్లోకి లేచింది, కాస్త ఊగింది, తొట్టిదాకా ప్రయాణం చేసి అందులో పడింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. వాళ్ళమ్మ లేచి నిలబడింది. అన్నయ్య మిగతావాళ్ళ కంటే గట్టిగా ఈలేసి, "సరే సరే, ఏ పేరు పెడతావో పెట్టు!" అని అరిచాడు. "సాక్సు!" అంది పిల్ల, రెప్ప వేయకుండా.

ప్రదర్శన అయిపోయింది. పెద్దవాళ్ళు ఫలహారాల దగ్గర చేరారు. యంత్రాలన్నీ అల్మరాకి వచ్చాయి. బస్సుకి వేళవుతోంది, ఈసారి పిల్లలు వెళ్ళేదాకా ఆగే వీల్లేక, తలుపు మూయాలని ఆవిడ లేస్తోంది. గొణుగుడు లోపలికొచ్చి, తన బండిని అల్మరాలోంచి తీసి బల్లమీద పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుంది.

"స్క్రూడ్రైవరు ఇవ్వు పెద్దమ్మా."

"ఎందుకే?"

"విప్పుతా."

"నేను తర్వాత చూసుకుంటాలే. నువ్వెందుకు, ఏడుపొస్తుంది."

"ఎందుకేడుస్తా? మళ్ళీ కట్టడం వచ్చు కదా. పంజా ఇంకా చిన్నది చేయొచ్చనిపిస్తోంది, విప్పితేగానీ తెలీదు."

ఆవిడ స్క్రూడ్రైవరు ఇచ్చింది. పిల్ల ఎడమకి తిప్పింది. వెనకాల ఇంకో ఇద్దరు తొంగిచూశారు, తర్వాత నలుగురు. నాదీ నేనే విప్పుకుంటా అన్నాడొకడు. వాడి చక్రం మొరాయిస్తే, "అలా పీకకూడదురా, విరుగుతుంది. దానికి ఏం చుట్టుకుందో ముందు చూడు" అని ఆవిడ చూపించింది. వాడు చూశాడు, పక్కవాడికి చూపించాడు. గది పిల్లలతో, స్క్రూల గలగలతో నిండిపోయింది. ఏ సొరుగులో ఏది వేయాలని అడుగుతున్నారు, తర్వాత అడగడం కూడా మానేసి వాళ్ళలో వాళ్ళే చెప్పుకుంటున్నారు. ఒక్కరూ ఏడవడం లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. ఇన్నేళ్ళు తలుపు మూసి పొరపాటు చేశానేమో అనుకుంది ఆవిడ. బాధగా కాదు, సంతోషంగానే అనుకుంది.

తన అవసరం లేదని తెలిశాక ఇంకాసేపు నిలబడి చూసింది. సంచీ భుజాన వేసుకుంది. వరండాలో మాస్టారు ఎదురై, వీడ్కోలుకి ఏవో మంచి మాటలు చెప్పబోయి తడబడితే, "పిల్లలకి ఏదైనా పెట్టండి మాస్టారూ, ఆకలేసినా లేవరు వాళ్ళు" అని బయటికి నడిచింది. బస్సు రానే వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని చెల్లెలికి ఫోను చేసింది.

"ఎక్కానే. ఈసారి నాకు అల్లడం నేర్పించు."

"నీకా?" అని చెల్లెలు నోరెళ్ళబెట్టింది. "ఏం తొందరక్కా ఇప్పుడు?"

"నాకో సాక్సు తక్కువైంది" అని నవ్వింది అక్క. కారణం చెప్పమని ఎంత అడిగినా, వచ్చాక చెబుతాలే అంది.

చీకటి పడేముందు పిల్లలు ఇళ్ళకు వెళ్ళారు. సొరుగులన్నీ మూసి ఉన్నాయి, అల్మరా ఖాళీ అయింది. బల్లమీద ఒక్క ఎర్ర తొట్టి మాత్రం మిగిలింది. అందులో బొటనవేలి దగ్గర రంగు కలవని కుట్టుతో, కాలి ఆకారం ఇంకా పోని ఒంటి ఊలు సాక్సు.